అలసిన వానికి రొట్టె
ధ్యాన భాగములు: 1 కొరింథీ. 9:24–27, 1 రాజులు 18:46 – 19:8



పరుగు పందెమును గూర్చి పౌలు కొరింథు సంఘమునకు వ్రాసినప్పుడు ఆ సంగతి వారికి క్రొత్తది కాదు. వారి పట్టణమునకు సమీపముననే రెండేండ్లకొకసారి పేరుపొందిన క్రీడలు జరుగుచుండెను. మన యడవి పల్లెలకును పరుగు క్రొత్తది కాదు. తెల్లవారుజామున భద్రాచలము కరకట్ట మీదను, చర్ల పోవు బాట మీదను మన పిల్లలు పరుగెత్తుట మీరు చూచుచునే యున్నారు. 2022లో వచ్చిన కానిస్టేబుల్ ప్రకటన ప్రకారము పురుషులు 1600 మీటర్లు 7 నిమిషముల 15 సెకండ్లలో ముగింపవలసి యుండెను.

ఆ పరీక్షకు మన సంఘపు యువకుడొకడు సిద్ధపడెను. తల్లి తునికాకు కోసిన డబ్బుతో వానికి బూట్లు కొనెను. వాడు ఒక్క దినమైనను మానక, ప్రాణము పోవునట్లు పరుగెత్తెను. మోకాలి క్రింది ఎముక నొప్పి పెట్టుచున్నదని చెప్పగా మేము, “ఇంకను గట్టిగా పరుగెత్తుము, ఇంకను గట్టిగా ప్రార్థింపుము” అంటిమి. పరీక్షనాడు వాడు 11 సెకండ్లు ఆలస్యమాయెను. వాని విశ్వాసము చాలలేదని మేము పదిమంది యెదుట అంటిమి. తరువాత రెండు నెలలు వాడు మందిరపు గడప త్రొక్కలేదు.

పొరుగూరిలో సైన్యమునుండి తిరిగివచ్చిన పెద్దమనిషి యొకరు వానిని చేరదీసిరి. మేమును వెళ్లి చూచితిమి. ఆయన మొదట నేర్పినది పరుగు కాదు, విశ్రాంతి. నొప్పి తగ్గువరకు నడక మాత్రమే. తరువాత ఒకనాడు గట్టి పరుగు, మరునాడు మెల్లని పరుగు. పరుగులో కండలు అలయును, నిద్రలోను ఆహారములోను అవి బలపడునని ఆయన చెప్పిరి.

రెండవది, దూరమును ముక్కలు చేసిరి. 400 మీటర్లు 1 నిమిషము 45 సెకండ్లలో పరుగెత్తి, మూడు నిమిషములు నడచి, మరల పరుగెత్తవలెను. ఇట్లు నాలుగు సార్లు. వారములు గడచిన కొలది నడక తగ్గించిరి. వారమునకొకసారి గట్టు ఎక్కుచు చిన్న పరుగులు.

మూడవది, పిడికిళ్లు బిగింపవద్దు, భుజములు వదులుగా నుంచుము, అడుగు దూరముగా చాపక నీ శరీరము క్రిందనే వేయుము అనిరి. నాలుగవది, మొదటి చుట్టులోనే బలమంతయు ఖర్చు చేయవద్దనిరి.

ఇంటికి వచ్చి ఏలీయా చరిత్ర చదివితిమి. ఆయన అహాబు రథమునకు ముందుగా యెజ్రెయేలు వరకు పరుగెత్తెను. తరువాత భయపడి అరణ్యమునకు పారిపోయి, చెట్టు క్రింద చావు కోరి పండుకొనెను. అప్పుడు దేవుడు వానికి ఏమి పంపెను? గద్దింపు కాదు. దూత వచ్చి తట్టి లేపి రొట్టెయు నీళ్లును ఇచ్చెను. మరల నిద్రపోనిచ్చి, రెండవసారి తినిపించెను. ఆ బలముతో ఆయన నలువది దినములు నడచి హోరేబు చేరెను. దూత రొట్టె ఇచ్చిన చోట మేము నింద ఇచ్చితిమి.

ఎరిక్ లిడ్డెల్ అను దైవభక్తుడు 1924లో పారిస్ ఒలింపిక్ క్రీడలలో 100 మీటర్ల పందెము ఆదివారమున వచ్చినందున దానిని మానుకొనెను. నెలల తరబడి 400 మీటర్లకు సాధన చేసి, 47.6 సెకండ్లలో గెలిచెను. తరువాత చీనా దేశమున మిషనరీగా సేవచేసి, 1945లో జపానువారి నిర్బంధములో కన్నుమూసెను. సరిగా నూరేండ్లకు, 2024లో, అదే పారిస్‌లో, అదే 400 మీటర్ల దూరమున, మన వరంగల్లు ప్రాంతపు కల్లెడ గ్రామమునుండి వచ్చిన జీవంజి దీప్తి పారాలింపిక్ క్రీడలలో కాంస్య పతకము పొందెను. ఆమె కూలి చేసికొని బ్రతుకువారి బిడ్డ. చిన్ననాట ఎగతాళి మాటలు విన్న బిడ్డ. నాగపురి రమేష్ గారి వంటి శిక్షకులు ఆమె ప్రక్కన ఓపికతో నిలిచిరి. ఎగతాళి చేసినవారిలో ఎవరును ఆమెకు ఒక్క అడుగైనను నేర్పలేదు గదా!

సహోదరులారా, ప్రార్థన మానుమని మేము చెప్పుట లేదు. పౌలు తన శరీరమును అదుపులో నుంచుకొనెను గాని దానిని విరుగగొట్టుకొనలేదు. నొప్పియని చెప్పిన బిడ్డ మాట వినుట కూడ భక్తియే.

గడచిన నెల మేము సంఘము యెదుట ఆ యువకుని క్షమాపణ వేడుకొంటిమి. వాడు తల వంచుకొని, “అయ్యగారూ, ఆ మాట వదిలేయండి” అనెను. తల్లి మాత్రము కన్నీరు పెట్టెను. వాడు మరల పరీక్షకు సిద్ధపడుచున్నాడు. ఉద్యోగము వచ్చునో రాదో మేమెరుగము. వచ్చినను రాకున్నను, వాని చోటు మన బల్లమీద వానికి ఉండవలెను. మీ ఇంట అలసి పడియున్న వారెవరైన ఉన్నయెడల, ఈ వారము మొదట వారికి అన్నము పెట్టుడి, నిద్రపోనిండి. బుద్ధి తరువాత చెప్పవచ్చును.

ప్రభువా, అలసినవారిని లేపు చేతులను మాకు దయచేయుము. ఆమేన్.