వలదను హక్కు

నచ్చనివానిని నచ్చలేదని చెప్పుట మనుష్యునకు సహజమైన హక్కు. అట్లు చెప్పినంతనే వాని ధర్మము తీరునా యనునది ప్రశ్న. ఓటుయంత్రముపై అభ్యర్థుల పేరులన్నిటి క్రింద, వీరిలో ఎవరును వలదను మీట యొకటి యున్నది. జనులు దానిని నోటా యందురు. దానిని నొక్కి వచ్చినవాడు పౌరధర్మమును నెరవేర్చినవాడా, లేక చేతులు దులుపుకొన్నవాడా?

ఈ మీట రాకపూర్వము 1961వ సంవత్సరపు ఎన్నికల నియమములలో 49-ఓ యను నియమము ఉండెను. ఓటు వేయననువాడు ఆ మాట పోలింగు అధికారితో చెప్పవలెను. అధికారి దానిని పుస్తకమున వ్రాసి, వానిచేత సంతకమో వ్రేలిముద్రయో వేయించును. అభ్యర్థుల ఏజెంట్లు ఎదుటనే కూర్చుండి చూచుచుందురు. ఊరిపెద్ద పొలమున కూలికి పోవు స్త్రీ, మగని మాట జవదాటలేని యిల్లాలు, అందరి కన్నులయెదుట వలదని యెట్లు చెప్పగలరు? పౌరహక్కుల ప్రజాసంఘము తెచ్చిన వ్యాజ్యమున, 2013 సెప్టెంబరు 27వ తేదీని సుప్రీముకోర్టు, ఓటు వేయువానికిగల రహస్యము నిరాకరించువానికిని ఉండవలెనని తీర్పు చెప్పెను. ఈ తీర్పును మేము మనసార మెచ్చుకొనుచున్నాము. ఇంట నోరెత్తలేని మనిషికి ఆ యట్టతెర చాటున ఒక్క నిమిషమైనను స్వాతంత్ర్యము దొరకినది.

అయినను ఆ మాటకు ఫలమేమి? శాసనసభ, లోకసభ ఎన్నికలలో నోటాకు ఎన్ని యోట్లు వచ్చినను, అభ్యర్థులలో అధికముగా పొందినవాడే గెలుచును. 2024లో మధ్యప్రదేశమునందలి ఇండోరున 2 లక్షల 18 వేలకు పైగా జనులు వలదనిరి, ఫలితము మారలేదు. మహారాష్ట్రములో స్థానికసంస్థల మట్టుకు, నోటాయే మొదట నిలిచినచో మరల ఎన్నిక జరుపవలెనని 2018లో ఉత్తరువు చేసిరి. అది మంచిదే. కాని యెన్నిక మరల జరిగినంతమాత్రమున మంచివాడు దానంతట వచ్చి నిలుచునా?

మన మీమాంసకులు నిషేధమును రెండు తెరగులుగ విభజించిరి. ఒకటి ప్రసజ్యప్రతిషేధము: వలదని చెప్పి అంతటితో ఊరకుండునది. రెండవది పర్యుదాసము: ఇది కాక దీనివంటి వేరొకదానిని చూపునది. కూర బాగులేదని విస్తరి ముందునుండి లేచిపోవుట మొదటిది. ఉప్పు చాలలేదని చెప్పి, మరునాడు వంటయింట తానును ఒక చేయి వేయుట రెండవది. నేటి నోటా మొదటి తెరగుది. దానిని రెండవదానిగ చేయుట చట్టమువలన మాత్రమే కాదు, మనవలననే కావలెను.

ఇందులకు మా పూర్వపు జిల్లాయందే దృష్టాంతము కలదు. మా హుజూర్‌నగరము అప్పుడు మిర్యాలగూడ లోకసభ స్థానములోనిది. 2009 ఎన్నికలనుండి నల్లగొండలో చేరినది. 1996లో ఆ నల్లగొండ స్థానమునకు 480 మంది అభ్యర్థులు నిలిచిరి. ఫ్లోరైడు నీరు త్రాగి ఎముకలు వంగిన పల్లెల గోడు వినిపించుటకై జలసాధన సమితి పిలుపున నిలిచినవారే వారిలో పెక్కుమంది. ఓటుకాగితము పుస్తకమంత యయ్యెను. ఎన్నిక వాయిదా పడెను. గెలుచుట వారి కోరిక కాదు. వారును ఒక విధమున వలదన్నవారే. కాని ఏల వలదనుచున్నారో దేశమునకు తెలిసెను. నీరు కావలెనన్నదే వారి మాట. ఆ సంవత్సరముననే లోకసభ అభ్యర్థుల ధరావతు 500 రూపాయలనుండి 10,000 రూపాయలకు పెరిగినది. పేదకు ఆ త్రోవ ఇరుకైనది. కారణము చెప్పు బాధ్యతమాత్రము తగ్గలేదు.

మీట మూగది. నొక్కినవాడు నీటికై నొక్కెనో, కులాభిమానముచేత నొక్కెనో, విసుగుచేత నొక్కెనో లెక్కించువారికి తెలియదు. ఇరుపక్షములవద్దను నోటు పుచ్చుకొని, నోటా నొక్కి, తాను నిర్మలుడనని మురియువాడును కలడు. వాడు తిరస్కరించినది అభ్యర్థులను; తన లోభమును కాదు.

కావున చదువరులకు మా మనవి యిది. అభ్యర్థుల ప్రమాణపత్రములు చదివి, విచారించి, ఎవరును తగరని తోచినచో నిర్భయముగ నోటా నొక్కుడు. నొక్కి వచ్చిన పిమ్మట, ఏల నొక్కితిరో ఇంటిలో ఆడవారితోను, పిల్లలతోను, ఇరుగుపొరుగులతోను చెప్పుడు. రాబోవు ఎన్నికకు పార్టీలు పేరులు ప్రకటింపకమునుపే పదిమంది కూడి, ఎట్టివాడు కావలెనో వారికి వ్రాసి పంపుడు. తగినవాడు మీ వీధిలోనే యున్నచో వానిని నిలువుమని యడుగుడు. ఖర్చునకు తలకొక రూపాయి వేసికొనుడు. ఈ శ్రమకు ఓర్వనివాని వలదను మాట అలుక మాత్రమే. దానివలన ఊరికి నీరు రాదు.