మిలిటరీ మనిషిపై ముద్ర వేయకండి



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో సైన్యంలో పనిచేసి తిరిగొచ్చినవారు మన మధ్యే ఉన్నారు. “మిలిటరీవాడు కోపిష్టి, చెప్పింది చేయడమే తప్ప ఆలోచన తెలియదు” అని వారి గురించి తేలిగ్గా అనేస్తుంటాం. ఆ మాటతోనే పెళ్ళి సంబంధం వద్దనుకుంటే, మస్జిద్ సలహాల్లో పక్కన పెడితే, అది అన్యాయమే.

ఎగతాళినీ, చెడ్డపేర్లు పెట్టడాన్నీ, అతి అనుమానాన్నీ దివ్యఖుర్ఆన్ (49:11, 12) వారించింది.

హిజ్రీ 5లో శత్రుసేనలు మదీనాపైకి వచ్చినప్పుడు, కందకం తవ్వాలన్న ఆలోచన హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) గారిదే. దైవప్రవక్త (స) దాన్ని స్వీకరించి, స్వయంగా మట్టి మోశారు. మన దేశంలో 1965లో ఖేమ్‌కరణ్ ప్రాంతంలో హవల్దార్ అబ్దుల్ హమీద్, జీపుపై అమర్చిన ఫిరంగితో పక్కవైపుకు చేరి శత్రు ట్యాంకులను ధ్వంసం చేసి అమరులయ్యారు. ఆయనకు పరమవీర చక్ర లభించింది. ఆలోచన లేనివారు చేసే పనులా ఇవి?

ఒకరికి కోపముంటే అది ఆ మనిషిది, యూనిఫారానిది కాదు. యుద్ధం మనసును గాయపరిస్తే అది జబ్బు. కావలసింది వైద్యం, ఆదరణ. మనిషిని అతని నడవడిని బట్టే చూద్దాం.

అల్లాహ్ మన నాలుకలను దురనుమానం నుండి కాపాడుగాక! ఆమీన్.