వెట్టి బాకీ

మేడ్చల్ స్టేషన్లో రైలు దిగి శామీర్‌పేట వైపు వెళితే నేడు మనకు కనిపించేవి గోదాములు, ఫాంహౌస్‌లు, కాలేజీ బస్సులు. వందేళ్ళ క్రితం ఈ మేడ్చల్ తాలూకా అత్రాఫె బల్దా జిల్లాలో ఉండేది. ఆ జిల్లా సర్ఫెఖాస్, అంటే నిజాం ప్రభువు సొంత ఆస్తి. ఇక్కడి శిస్తు ప్రభుత్వ ఖజానాకు కాక ఆయన సొంత ఖజానాకు చేరేది. హైదరాబాద్ సంస్థానంలో దాదాపు నూటికి 40 పాళ్ళ నేల ఇలా సర్ఫెఖాస్‌గానో, జాగీర్లుగానో ఉండేది.

ఆ రోజులను తలచుకునేటప్పుడు మన పెద్దలకు దేవిడీలు, షేర్వానీలు, దస్తర్‌ఖాన్లు గుర్తుకొస్తాయి. అందులో తప్పు లేదు. కాని ఆ దస్తర్‌ఖాన్ మీది అన్నం ఎవరి చెమటతో పండిందని మనం ఎప్పుడైనా అడిగామా?

మధ్యయుగాల యూరప్ గురించైతే మనం ధారాళంగా మాట్లాడతాం. అక్కడి రైతు చాలాచోట్ల వారంలో రెండు మూడు రోజులు ప్రభువు పొలంలో కూలి లేకుండా పనిచేయాలి. ప్రభువు అనుమతి లేనిదే ఊరు విడిచి పోరాదు. కూతురి పెళ్ళికి కూడా పన్ను కట్టాలి. పంటలో పదో వంతు చర్చిది. మఠాలకే పెద్ద పెద్ద భూములు, వాటిని దున్నడానికి కట్టుబానిస రైతులు ఉండేవారు. 11వ శతాబ్దంలో లాన్ నగర బిషప్ అడాల్‌బెరో సమాజాన్ని ప్రార్థించేవారు, యుద్ధం చేసేవారు, శ్రమించేవారు అని మూడుగా విడదీశాడు. శ్రమించేవారి కన్నీళ్ళకు అంతు లేదని తానే ఒప్పుకున్నాడు. ఒప్పుకుని ఊరుకున్నాడు.

చూశారా వారి మతాధిపతులను, అని వేలెత్తి చూపడం సులువే. అదే కొలబద్దను మన తెలంగాణ మీద పెట్టి చూద్దాం. మాదిగ చెప్పులు కుట్టి ఇవ్వాలి. చాకలి బట్టలు ఉతకాలి, కుమ్మరి కుండలు ఇవ్వాలి. రైతు తన దుక్కి ఆపి దొర పొలం దున్నాలి. పైసా ముట్టదు. వెట్టిని నిషేధిస్తూ నిజాం ప్రభుత్వం ఉత్తర్వులు ఇవ్వకపోలేదు. అవి గడీ గుమ్మం దాకా రాలేదు. దొరల్లో ఎక్కువమంది హిందువులే కదా, జాగీర్దార్లలోనూ హిందువులున్నారు కదా అని కొందరంటారు. నిజమే. అయితే మనం చూడవలసింది అన్యాయం చేసినవాని మతమా, అన్యాయానికి గురైనవాని హక్కా?

జనగామ తాలూకా కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్ పక్షంతో ఏళ్ళ తరబడి కోర్టులో పోరాడాడు. 1940 ప్రాంతంలో ఆయనను దారి కాచి చంపారు. తర్వాత వచ్చిన 'మా భూమి' నాటకానికి ఆయన గాథే ప్రేరణ. సంస్థానాన్ని ఏలింది ముస్లిం ప్రభువు. ఆ సంగతి ఈ ముస్లిం రైతును కాపాడలేదు.

మరి ఆ జాగీర్దార్లలో దానధర్మాలు చేసినవారు లేరా? ఉన్నారు. మస్జిదులు కట్టించారు, అన్నదానాలు చేశారు. కాని కూలివానితో పూర్తిగా పని చేయించుకుని కూలి ఎగ్గొట్టినవానికి ప్రళయదినాన స్వయంగా అల్లాహ్‌యే ప్రతివాదిగా నిలుస్తాడని దైవప్రవక్త (స) హెచ్చరించారు. నమాజులు, ఉపవాసాలు మోసుకొచ్చి, తాను బాధించినవారికి వాటిని పంచిపెట్టి చివరికి దివాలా తీసేవాని గురించి కూడా చెప్పారు. అల్లాహ్ హక్కులో లోపాన్ని అల్లాహ్ క్షమించవచ్చు. దాసుని హక్కును ఆ దాసుడే వదులుకోవాలి. వెట్టివాని బాకీని మస్జిదు మినారు తీర్చగలదా?

సర్ఫెఖాస్ 1949 ఫిబ్రవరిలో ప్రభుత్వంలో కలిసింది. అదే ఏడాది ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్దార్లకు పరిహారం లెక్కకట్టారు. వెట్టి చేసినవారికి ఎవరూ ఏ లెక్కా కట్టలేదు.

ఇదంతా గడిచిపోయిన కథ అనుకునేవారు శామీర్‌పేట చెరువు దాటి, కొత్త ఇళ్ళు లేస్తున్న చోట కాసేపు నిలబడి చూడాలి. ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చిన కూలీలు ఇటుకలు మోస్తుంటారు. వారిలో ఎందరికి ఎన్ని వారాల కూలి బాకీ ఉందో మేస్త్రీకి తెలుసు, ఇంటి యజమానికీ తెలుసు. ఇక మన ఇళ్ళ సంగతి. రమజాన్‌లో పనిమనిషి చేతిలో వెయ్యి రూపాయలు జకాత్ అని పెట్టి, నెల జీతంలోంచి ఆ వెయ్యి తగ్గించే ఇల్లాళ్ళు మనలో లేకపోలేదు. జకాత్‌తో జీతం బాకీ తీరదని ఏ ఆలింను అడిగినా చెబుతారు. ఆ పనిమనిషి మాత్రం అడగదు. అడిగితే పని పోతుందని ఆమె భయం.