నేల టిక్కెట్టు బాకీ

విలియం ఎస్. హార్ట్ తన ఇంటిని జనానికి ఎందుకు రాసిచ్చాడా అన్నది నన్ను వదలడం లేదు. మూకీల కాలపు కౌబాయ్ హీరో. లాస్ ఏంజెలెస్‌కి ఉత్తరాన న్యూహాల్‌లో కొండ మీద ఇల్లు కట్టుకున్నాడు. 1925లో ‘టంబుల్‌వీడ్స్’తో సినిమాలు చాలించి, 1946లో పోయాడు. జనం ఇచ్చిన చిల్లరతో లేచిన ఇల్లు కనక తన తర్వాత జనానిదేనని ఆయన లెక్క. కొడుకు కోర్టుకెక్కి, ఏళ్ళ తరబడి పోరాడి ఓడిపోయాడు. 1958లో మ్యూజియం తలుపులు తెరిచారు. మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు చూసొచ్చాను. చార్లెస్ రస్సెల్ వేసిన చిత్రాలు, నవహో తెగవాళ్ళు నేసిన కంబళ్ళు, ఫ్రిట్జ్ అనే గుర్రానికి సమాధి, 1962లో వాల్ట్ డిస్నీ ఇచ్చిన అడవిదున్నల మంద.

వాళ్ళకి చరిత్ర మీద పట్టింపు ఉంది, మనకి లేదు అని అమెరికా వెళ్ళి తిరిగొచ్చిన ప్రతివాడూ అంటాడు. నాకు ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది. పట్టింపు లేకపోతే మా పెనుగంచిప్రోలులో తిరుపతమ్మ ఇన్ని తరాలు ఎలా నిలిచింది? ఒక ఇల్లాలు దేవతైన కథ అది. రెండేళ్ళకోసారి విగ్రహాలను ఊరేగింపుగా జగ్గయ్యపేట తీసుకెళ్ళి కొత్త రంగులు వేయించి తెచ్చుకుంటాం. న్యూహాల్‌లో కంబళి మీద చెయ్యి వెయ్యనివ్వరు. ఇక్కడ రంగు వెలిసిపోతే తప్పు మనది. ఏది కాపాడటం?

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ తిరుపతమ్మ దేవత. తెలుగు సినిమాకు మూలపురుషుడు రఘుపతి వెంకయ్య దేవుడు కాడు. బందరు మనిషి, ఫొటోగ్రాఫరు, మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టాడు. కొడుకు ప్రకాశ్‌ను సినిమా విద్యకు విదేశాలకు పంపాడు. 1921లో ఆ తండ్రీకొడుకులు ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశారు. ఇప్పుడు గెయిటీ లేదు, ఆ సినిమా కూడా లేదు. వెంకయ్య పేరు మీద అవార్డు మాత్రం ఉంది. మళ్ళీ మళ్ళీ రంగులు వేయించేందుకు ఆయనకు భక్తులెవరు?

నా సంగతికొస్తే, నా కౌబాయ్ హార్ట్ కాదు, కృష్ణ. ‘మోసగాళ్ళకు మోసగాడు’ 1971లో వచ్చింది. కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వం, ఆరుద్ర రచన. తిరునాళ్ళప్పుడు మా ఊళ్ళో వేసిన టూరింగ్ టాకీసుకి అది చేరేసరికి ప్రింటు నిండా గీతలే. నేల టిక్కెట్టు. కింద మునేటి ఇసుక పోసేవాళ్ళు. ముందువాడి తల అడ్డొస్తే ఇసుక కుప్ప చేసుకుని ఎత్తున కూర్చునేవాళ్ళం. వెనకవాడు అంతకంటే పెద్ద కుప్ప చేసేవాడు. ఆట సగానికొచ్చేసరికి హాలంతా గుట్టలే. మా బాబాయి నన్ను భుజం మీద ఎక్కించుకుంటే బెంచీ వాళ్ళు గోల పెట్టారు. రీలు మార్చేటప్పుడు లైట్లు వేస్తే చొక్కా జేబులోంచి కూడా ఇసుక రాలేది. తెర మీద రాజస్థాన్ ఎడారి, కింద మునేటి ఇసుక. ఆ రాత్రి నాకు రెండూ ఒకటే. మర్నాడు తాటాకు టోపీ పెట్టుకుని గేదె మీదెక్కి చెరువు దాకా వెళ్ళాను.

ఆ టిక్కెట్టు డబ్బు ఎక్కడికి పోయింది? పన్ను, అద్దె, డిస్ట్రిబ్యూటరు వాటా పోగా ఏ నయాపైసలో కొంత మద్రాసు చేరే ఉంటుంది. కృష్ణగారు నాకు బాకీ ఉన్నారని నాకెప్పుడూ అనిపించలేదు. ఆ రాత్రితో చెల్లు. హార్ట్ మాత్రం చెల్లు కాలేదనుకున్నాడు. గొప్పతనమంటారా? ఆ కొడుకు తరఫున ఆలోచిస్తే నాకు ఆయన మీద కోపమే వస్తుంది. ఊరివాళ్ళ రుణం తీర్చడానికి కన్నకొడుకు నోట్లో మట్టి కొట్టాలా? మా వైపు పెద్దమనుషుల్లో పెట్టి ఉంటే తీర్పు కొడుకు పక్షానే వచ్చేది. నేనూ అటే చెయ్యెత్తేవాణ్ణి. అయినా ఆ ఇంట్లో తిరుగుతుంటే అసూయ పుట్టింది, దాన్ని దాచలేను.

దేని మీద అసూయ? ఇంటి మీద కాదని మెల్లగా తెలిసింది. మన హీరోల పడకగదులు చూడాలని నాకేమీ లేదు. 2023 మే 31న, కృష్ణగారు పోయాక వచ్చిన మొదటి పుట్టినరోజుకి, ‘మోసగాళ్ళకు మోసగాడు’ను 4కేలో మళ్ళీ విడుదల చేశారు. గీతలన్నీ పోయి, ఎడారి తళతళలాడింది. జగ్గయ్యపేటలో రంగులు వేయించుకొచ్చినట్టే. దాని మూలం మిగిలింది కనక రంగులు వేశారు. ‘భీష్మ ప్రతిజ్ఞ’కి ఏ రంగులు వేస్తాం? హార్ట్‌కు ఇల్లూ మిగిలింది, సినిమాలూ చాలా మిగిలాయి. రెండిట్లో ఒకటే ఇస్తానంటే నేను ఇల్లు వదిలేస్తాను. కొడుకుకే ఇచ్చెయ్యమంటాను.

నందిగామ, జగ్గయ్యపేట వైపు ఒకప్పుడు టాకీసులు నడిపిన కుటుంబాలవాళ్ళు ఇది చదువుతుంటే ఒక్క మాట. అటక మీద రీలు డబ్బా ఉంటే పాత ఇనుము వాడికి వెయ్యకండి. పుణెలో 1964 నుంచీ జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఉంది. ముందు వాళ్ళకి ఒక ఉత్తరం రాయండి.