ఉపనిధి: మూట మోసేవాడి ధర్మం

నమ్మి అప్పగించిన సొత్తుకు ఏ నష్టమూ కలిగించకుండా, సొంతదారుకు తెలియకుండా దానివల్ల లాభపడినవాడు దోషి అవుతాడా అన్నది ధర్మశాస్త్రకారులు విచారించిన ప్రశ్న. పెట్టెలోనో మూటలోనో ఉంచి, లోపల ఏముందో చెప్పకుండా ఒకరి చేతికిచ్చిన వస్తువును యాజ్ఞవల్క్య స్మృతి ఉపనిధి అంటుంది. దాన్ని ఇచ్చింది ఇచ్చినట్టే తిరిగి అప్పగించాలి. ఎదుట లెక్కపెట్టి ఇచ్చినది నిక్షేపమనీ, లెక్క చెప్పక ముద్రవేసి ఇచ్చినది ఉపనిధి అనీ నారదుడు ఈ రెండింటికీ భేదం చూపాడు.

ఇదే ప్రశ్న నేడు ఇంటర్నెట్‌లోనూ ఎదురవుతుంది. అక్కడ సమాచారం ప్యాకెట్లనే చిన్న చిన్న మూటలుగా ప్రయాణిస్తుంది. ప్రతి మూటపైనా చిరునామా, లోపల విషయం ఉంటాయి. కనెక్షన్ ఇచ్చే సంస్థకు మూటను చేరవేయడానికి పైనున్న చిరునామా చాలు. లోపలి విషయాన్ని కూడా విప్పి చూసే పద్ధతిని డీప్ ప్యాకెట్ ఇన్‌స్పెక్షన్ అంటారు. బ్రిటన్‌లో కనెక్షన్ ఇచ్చే బీటీ సంస్థ 2006, 2007లలో ఫార్మ్ అనే ప్రకటనల కంపెనీ యంత్రాలతో ఈ పద్ధతిని వినియోగదారులకు చెప్పకుండానే పరీక్షించింది. చందాదారు కెమెరాల గురించి ఒక పేజీ తెరిస్తే, యంత్రం ఆ పేజీలోని ముఖ్య పదాలను ఏరి, వాటిని ఒక ప్రకటనల వర్గానికి జతచేసి, పేరుకు బదులు యాదృచ్ఛికంగా కేటాయించిన ఒక సంఖ్యకు ఆ వర్గాన్ని ముడివేసేది. ఆ తరువాత మరో సైటులో కెమెరా ప్రకటన కనబడేది. ఈ సంఖ్యను బ్రౌజరులో నిలపడానికి ఆ వ్యవస్థ, చందాదారు కోరిన సైటే జవాబిస్తున్నట్టు నటించేది.

పేరు నమోదు కాలేదు, మనిషి కన్ను పడలేదు, పదాలు వెంటనే చెరిగిపోయాయి కనుక హాని లేదన్నది ఫార్మ్ కంపెనీ వాదం. అయితే యాజ్ఞవల్క్యుడు వస్తువు చెడిందా లేదా అన్నంతటితో ఆగక, దాన్ని ఇష్టానుసారం వాడుకుని బతికినవాడు దండనీయుడనీ, వృద్ధితో సహా చెల్లించాలనీ విధించాడు. దోషం చూపులో కంటే, అడగకుండా పొందిన ఆ లాభంలోనే ఉందని దీని భావం. వెబ్‌సైటు కూడా జాడలు సేకరిస్తుంది గదా అంటే, ఇష్టం లేనివాడు ఆ సైటుకు వెళ్లకుండా ఉండగలడు. మూటలు మోసే కనెక్షన్ సంస్థను తప్పించుకుని మాత్రం ఏ సైటుకూ చేరలేడు.

ఈ ఫార్మ్ వ్యవహారంలో 2009 ఏప్రిల్‌లో యూరోపియన్ కమిషన్ బ్రిటన్ ప్రభుత్వంపై చర్య మొదలుపెట్టింది. జులైలో బీటీ ఫార్మ్ యంత్రాలను వాడే పథకాన్ని పక్కనపెట్టింది. 2011లో బ్రిటిష్ ప్రాసిక్యూషన్ విభాగం ఆ రహస్య పరీక్షలపై కేసు పెట్టరాదని నిర్ణయించింది. నేడు హెచ్‌టీటీపీఎస్ గుప్తలేఖనం మూటకు ముద్ర వేస్తున్నది; అయినా ఏ సైటుకు వెళ్లారో మోసేవాడికి చాలావరకు తెలుస్తూనే ఉంటుంది. ముద్ర చేతిని అడ్డగించగలదే గాని, లాభాన్ని ముందుగా అడిగి పుచ్చుకోవాలన్న బుద్ధిని కలిగించలేదు. ఎదుట లెక్కచెప్పి సమ్మతి కోరితే ఉపనిధి నిక్షేపంగా మారవచ్చు. అప్పుడు కూడా అది పరుల సొత్తే.