శిక్షకుని గూర్చి విద్యార్థుల తీర్పు

పాఠశాలలో క్రమశిక్షణ బాధ్యత వహించు నధికారి, ప్రధానోపాధ్యాయుడు గానిండు, వసతిగృహపు వార్డెను గానిండు, ప్రతిదినమును పిల్లలను విచారించి తీర్పు చెప్పుచుండును. పిల్లలును ఆయనను విచారించి తీర్పు చెప్పుచునే యుందురు. ఆ తీర్పు భోజనశాలలో, ఆటస్థలమున, దీపములార్పిన పిమ్మట పడకలమీద గుసగుసగా సాగును. ఒక్కొకప్పుడు మారుపేరై గోడల కెక్కును. అది ఆయన చెవిని బడదు. పడనీయవలెనా, వలదా యనునదే మన ప్రశ్న.

వలదను వారి వాదము తేలికయైనది కాదు. శిక్షింపబడినవాడు శిక్షించినవానిని మెచ్చునా? పిల్లల మెప్పునకై ప్రాకులాడు నధికారి రేపు తప్పును తప్పనుటకు జంకడా? రోగి నాలుకకు రుచించునదే మందుగా నిచ్చువాడు వైద్యుడు కాడు గదా! ఈ మాటలలో నిజము లేకపోలేదు.

అయినను వీరు రెండు విషయములను గలిపివేయుచున్నారు. ఇష్టము వేఱు, న్యాయబుద్ధి వేఱు. విద్యార్థులు తమలో తాము మాటలాడుకొనునప్పుడు చెవియొగ్గి వినుడు. “కఠినుడే, కాని అందఱికి నొక్కటే కొలత” యని యొకని గూర్చి యందురు. “నవ్వుచునే యుండును, కాని కలవారి బిడ్డల జోలికి బోడు” అని మఱియొకని గూర్చి యందురు. మొదటివానికి వెఱతురు గాని నమ్ముదురు. రెండవవానికి వెఱవరు, నమ్మరు. కాఠిన్యమును బాలురు క్షమింతురు, పక్షపాతమును క్షమింపరు. చెప్పుకొన నవకాశ మీయక వేసిన శిక్షను, పదిమందిలో చేసిన యవమానమును ముదిమి వఱకు మఱవరు.

ఈ జ్ఞానము అధికారికి మఱెక్కడను దొరకదు. ఏలయన, పైయధికారులు ఫలితములను జూతురు. తల్లిదండ్రులు మార్కులను జూతురు. మోసిన వీపునకే బరువు తెలియును. వెనుకటి వీధిబడులలో పిల్లలను కోదండమున వ్రేలాడదీసిన పంతులు తన బడి నిశ్శబ్దముగా నున్నదని సంతసించెను. ఆ నిశ్శబ్దము భయమో, గౌరవమో విచారింపడాయెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము తన 17వ సెక్షనున దేహదండనను, మానసికహింసను నిషేధించినది. చట్టము బెత్తమును లాగికొనగలదు. మూసిన చెవిని తెఱవలేదు.

వినుటకు మార్గము లేదా? ఉన్నది. పోలండు దేశమున వార్సా నగరములో 1912లో తెఱవబడిన యూదు అనాథబాలల గృహమునకు యానుష్ కోర్చాక్ అను వైద్యుడు నిర్వాహకుడై, అచ్చట బాలల న్యాయస్థానము నేర్పఱచెను. న్యాయమూర్తులు పిల్లలే. వారు ఒండొరులపైననే గాక, ఉపాధ్యాయులపైనను, కోర్చాక్ పైనను ఫిర్యాదు చేయవచ్చును. ఆయన పలుమారులు ముద్దాయియై ఆ పిల్లల యెదుట నిలిచెను. ఆ న్యాయస్థానపు స్మృతిలో మొదటి 99 నిబంధనలును నేరము మోపక విడుచుటకో, క్షమించుటకో యుద్దేశింపబడినవి. తీర్పు చెప్పువాడు ముందుగా క్షమ నేర్వవలెనని ఆయన తలచెను. ఇందువలన ఆయన గౌరవము తగ్గెనా? 1942 ఆగస్టులో నాజీలు ఆ పిల్లలను ట్రెబ్లింకా మరణశిబిరమునకు గొనిపోవునప్పుడు, తాను తప్పించుకొను నవకాశములు వచ్చినను కాదని, వారితో గూడ నడచిపోయెను.

ప్రతి పాఠశాలయు న్యాయస్థానము పెట్టవలెనని మేమనుట లేదు. నెలకొకసారి విద్యార్థులు కారణముతో తమ యభిప్రాయము చెప్పుటకును, అధికారి దానికి బదులు చెప్పుటకును ఒక సభ యున్న చాలును. నోరు రాని చిన్నవారి పక్షమున పెద్దవారు పలుకవచ్చును. తుది నిర్ణయ మధికారిదే; కాని దానికి కారణము చెప్పుట ఆయన ఋణము. విద్యార్థులకును ఒక ధర్మము గలదు. చాటున ఆడినది నింద. ఎదుట ఆధారముతో చెప్పినది సాక్ష్యము. ఈ భేదము పదునాఱేండ్ల లోపల నేర్వనివాడు రేపు పౌరుడై యేమి తీర్పు చెప్పగలడు?

తన్ను గూర్చి పిల్లలేమనుకొనుచున్నారో వినలేనివాడు, పిల్లలు తన మాట వినవలెనని యే ముఖముతో కోరును?