యూద ద్వేషమును గూర్చి ఒక లేఖ



నీ లేఖ చేరినది. ఇజ్రాయెలీ దర్శకుడు యోవ్ షమీర్ 2009లో వెలువరించిన 'డిఫమేషన్' అను డాక్యుమెంటరీని చూచితివనియు, యూద ద్వేషమనునది నేడు కొందరు తమ ప్రయోజనమునకై పెంచి పోషించుచున్న భయమే గాని యథార్థము కాదని నిశ్చయించుకొంటివనియు వ్రాసినావు. నేనును ఆ చిత్రమును చూచితిని. దానియందు నాకు గౌరవము కలదు. నీ నిశ్చయమును మాత్రము అంగీకరింపజాలను.

తనవారి భయమును తానే ప్రశ్నించుట సామాన్యమైన ధైర్యము కాదు. ఇజ్రాయెల్‌లో పెరిగిన తనకు ఆ ద్వేషము ఎన్నడును అనుభవమునకు రాలేదని చెప్పి, దానిని వెదకుచు బయలుదేరిన షమీర్, నాజీల మృత్యు శిబిరములను దర్శించుటకై పోలెండునకు పోయిన ఇజ్రాయెలీ విద్యార్థుల వెంట తానును పోయి, ఇచటివారు మిమ్ము ద్వేషింతురని ముందుగానే నూరిపోయబడిన ఆ పసి మనస్సులకు, వీధిలో బల్లపై కూర్చున్న వృద్ధులు తమకు తెలియని భాషలో ఆడిన మాటలు సైతము దూషణలుగా తోచిన వైనమును దాపరికము లేక చూపెను. స్మృతిని భయముగా మార్చి పిల్లలకు వారసత్వమిచ్చుట తప్పే. ఆ మాట చెప్పుటలో చిత్రము నెగ్గినది.

అయితే యూద ద్వేషమును ఎదుర్కొను అమెరికా సంస్థయైన ఆంటీ-డిఫమేషన్ లీగ్ అధిపతిగా అందు కనబడు ఏబ్రహాం ఫాక్స్‌మన్‌ను నీవు ఒక్క వాక్యములో తీసిపారవేసితివి. 1940లో పుట్టిన ఆయనను ఒక పోలిష్ కేథలిక్ దాది బాప్తిస్మ మిప్పించి, తన బిడ్డయని చెప్పి, నాజీల బారినుండి కాపాడెను. ఆయన భయము పుస్తకములనుండి వచ్చినది కాదు. ఆ చిత్రముననే ఆయనను తీవ్రముగా విమర్శించు అమెరికా రచయిత నార్మన్ ఫింకెల్‌స్టైన్ తలిదండ్రులును నాజీ శిబిరములనుండి బ్రతికి బయటపడినవారే. ఒకే గాయమునుండి ఇద్దరికి రెండు తీర్పులు కలుగగా, ఆ గాయమెరుగని మనము ఇంత త్వరపడవచ్చునా?

మరియొక దృశ్యమును నీవు గమనింపలేదు. బ్రూక్లిన్‌లోని క్రౌన్ హైట్స్ వీధిలో, యూదులు లోకమును రహస్యముగా ఏలుచున్నారనుటకు 'సియోను పెద్దల ప్రోటోకాల్స్' అను గ్రంథమును కొందరు ప్రమాణముగా చూపుట వినవచ్చును. 1903లో రష్యాలో తొలుత అచ్చయిన ఆ గ్రంథము, మూడవ నెపోలియనును విమర్శించిన ఒక ఫ్రెంచి పుస్తకమునుండి దొంగిలించి కూర్చిన కూటరచన యని లండన్ 'టైమ్స్' పత్రిక 1921లోనే నిరూపించెను. నిరూపణ జరిగి శతాబ్ది గడచినను విశ్వాసము చావలేదు. చిత్రము వెలువడిన తొమ్మిదేండ్లకు, 2018 అక్టోబరు 27న, అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరమున ప్రార్థనకై కూడిన పదునొకండుగురు యూదులను కాల్చి చంపినవాడు, యూదులు వలసదారులను రప్పించి తన దేశమును నాశనము చేయుచున్నారని నమ్మినవాడు. అది భయపడినవారి కల్పన యందువా?

ఇక ఇజ్రాయెల్ రాజ్యము మాటకు వచ్చినచో, గాజాలో చనిపోవుచున్న బిడ్డలకై నీవు దుఃఖింతువని యెరుగుదును, నేనును దుఃఖించుచున్నాను. ఒక రాజ్యము చేయు క్రౌర్యమును ఖండించుట ద్వేషము కాదు. దానిని ద్వేషమని పేర్కొని నోళ్లు మూయించువారు అన్యాయము చేయుచున్నారు. కాని ఆ రాజ్యము చేసిన పనికి, దానితో నిమిత్తము లేక వేరొక దేశమున నివసించు యూదుని జవాబుదారిని చేసితివా, అచటనే విమర్శ ముగిసి ద్వేషము మొదలైనది. మనుష్యుని అతని చేతలనుబట్టి తూచవలెను గాని పుట్టుకనుబట్టి కాదన్న న్యాయమును, కులపు తూనికలో ఎందరినో నలిపివేసిన మన దేశమున పుట్టిన నీకు వేరుగ చెప్పవలసిన పని లేదు.

మన పుస్తకాల దుకాణములలో హిట్లరు ఆత్మకథ బాహాటముగా అమ్ముడగుచున్నది. దానిని దృఢసంకల్పమునకు పాఠ్యగ్రంథముగా భావించి కొను యువకులు మనలో కలరు. ఇది నన్ను కలచివేయు విషయము. గుంటూరు జిల్లా చేబ్రోలు ప్రాంతమున తాము యూదులమని విశ్వసించి సబ్బాతును పాటించు తెలుగు కుటుంబములు సైతము కలవని ఆ యువకులలో ఎందరెరుగుదురు? నీ మిత్రులలో ఎవరి చేతనైనను ఆ పుస్తకము కనబడినచో, మొగమాటపడకుము. దానిని వ్రాసినవాని యేలుబడిలో అరువది లక్షలమంది యూదులు హతులైన కథను అతనికి నీవే చెప్పుము.